డిక్రీ బాకీని వాయిదాలపై తీర్చుట



ఋణశేషమును, అగ్నిశేషమును మిగుల్పరాదని పెద్దలు చెప్పుదురు. రెండును కొంచెము మిగిలినను మరల పెరుగును. అందును న్యాయస్థానము తీర్పు చెప్పిన ఋణము, అనగా డిక్రీ బాకీ, చేబదులు వంటిది కాదు. దాని నడక వేఱు. అట్టి బాకీని నెలనెలకు కొంచెము కొంచెముగా తీర్పదలచినవారు తెలిసికొనవలసిన సంగతులను నేడు మనవిచేసెదను. గ్రామములలో తగవులు తీర్చు పెద్దలు వీనిని ముఖ్యముగా గమనింప గోరెదను.

ప్రాంసరీ నోటు మూడేండ్ల గడువు దాటకముందు ఋణి కొంత సొమ్ము చెల్లించి, నోటు వెనుక తన చేవ్రాలుతో చెల్లు వేసినచో, ఆనాటినుండి మరల మూడేండ్ల గడువు వచ్చును. ఇది అందఱెఱిగినదే. డిక్రీకి ఈ పద్ధతి వర్తింపదు. 1963వ సంవత్సరపు లిమిటేషను చట్టము ప్రకారము డిక్రీని అమలు జరుపుకొనుటకు 12 సంవత్సరముల గడువు గలదు. నడుమ ఎంత చెల్లించినను ఆ గడువు పెరుగదు. వాయిదాల డిక్రీయైనచో, తప్పిన వాయిదాకు అది తప్పిననాటినుండి గడువు లెక్కింతురు. కావున కొంత చెల్లించినచో పాత డిక్రీకి క్రొత్త ప్రాణము వచ్చునని భయపడి ఊరకుండుట తగదు.

వాయిదాల ననుగ్రహించు అధికారము 1908వ సంవత్సరపు సివిల్ ప్రొసీజరు కోడు న్యాయస్థానమున కిచ్చినది. తీర్పు చెప్పునప్పుడే తగిన కారణము చూపి, వాయిదాలు దయచేయుమని ప్రతివాది కోరవచ్చును. అప్పుడు కోరనిచో, డిక్రీ తేదీనుండి 30 దినములలోపల దరఖాస్తు పెట్టుకొనవలెను. దానికి డిక్రీదారుని సమ్మతియు కావలెను. వాయిదా తప్పినచో మొత్తము సొమ్ము ఒక్కసారి చెల్లింపవలెనను షరతు సాధారణముగా వ్రాయుదురు. అందుచేత పంట బాగుగా పండిన యేటిని చూచి కాక, ఎండిన యేటిని చూచి వాయిదా మొత్తమును ఒప్పుకొనవలెను.

అయితే వాయిదా మరీ చిన్నదైనను ప్రమాదమే. వర్తక వ్యవహారము కాని ఋణములపై డిక్రీ తరువాత వడ్డీ సాలుకు నూటికి 6 రూపాయలకు మించరాదు. డిక్రీ అసలు 60,000 రూపాయలనుకొందము. ఆ లెక్కను నెలకు వడ్డీ 300 రూపాయలు. చెల్లించిన సొమ్ము, వేఱు కట్టుబాటు లేనిచో, ముందు వడ్డీకి, పిమ్మట ఖర్చులకు, తుదకు అసలునకు జమయగును. నెలకు 300 చెల్లించువాడు నూఱేండ్లు చెల్లించినను అసలు కదలదు. 600 చెల్లించినచో బాకీ తీరుటకు 139 నెలలు పట్టును. 1,000 చెల్లించినచో 72 నెలలలో తీరును. కావున ఎంత యీయగలమను ప్రశ్నకు ముందు, నెలవడ్డీ యెంత యని విచారింపవలెను.

ఇంతకంటె ముఖ్యమైన సంగతి మఱియొకటి కలదు. నేను బడిలో పనిచేయు దినములలో కోర్టు కాగితములు చదివి చెప్పుమని రైతులు వచ్చుచుండెడివారు. వారిలో ఒకరు డిక్రీ సొమ్మును ఐదేండ్లపాటు పంటపంటకు డిక్రీదారుని యింటికి తీసికొనిపోయి యిచ్చిరి. ఇరువురును మంచివారే. రసీదు అడుగుట అవమానమని రైతు తలంచెను. డిక్రీదారుడు కాలధర్మము నొందెను. తండ్రి పద్దులెఱుగని కుమారులు మొత్తము సొమ్మునకు అమలు పిటిషను వేసిరి. రైతు మాట నిజమని ఊరంతయు నెఱుగును. కాని కోర్టు వెలుపల చెల్లించి, కోర్టులో నమోదు చేయింపని సొమ్మును అమలు జరుపు న్యాయస్థానము గుర్తింపదు. పాపము, ఆ రైతు రెండవమారు చెల్లింపవలసివచ్చెను.

కావున సొమ్మును కోర్టులో జమకట్టి డిక్రీదారునకు నోటీసు ఇప్పించుట ఉత్తమము. ఆ నోటీసు అందిననాటినుండి ఆ సొమ్ముపై వడ్డీ ఆగిపోవును. లేదా బ్యాంకి ద్వారా డిక్రీదారునకే పంపవచ్చును. అట్లు పంపునప్పుడు దావా నంబరు, ఉభయుల పేర్లు, సొమ్ము అసలునకో, వడ్డీకో, ఖర్చులకో అను వివరము వ్రాయవలెను. చేతికిచ్చినచో వ్రాతమూలకమైన రసీదు తప్పదు. కోర్టు వెలుపల చెల్లించినదానిని నమోదు చేయించు బాధ్యత డిక్రీదారునిదే. అతడు చేయనిచో, చెల్లించిన 30 దినములలోపల బాకీదారుడే కోర్టులో దరఖాస్తు పెట్టుకొనవలెను. నోటి సాక్ష్యము చాలదు.

అమీనా వచ్చునను భయముతో ఊరు విడుచువారు కలరు. ఇది అవివేకము. వంటపాత్రలు, పడకలు, కట్టుబట్టలు, సేద్యగానికి జీవనాధారమైన పనిముట్లు, పశువులు, విత్తనములు, అతడు కాపురముండు ఇల్లు సామాన్యముగా జప్తునకు లోనుగావు. శక్తి యుండియు ఎగవేయువానినే గాని, కేవలము పేదవానిని సొమ్ము డిక్రీక్రింద చెఱసాలకు పంపరాదని సుప్రీంకోర్టు 1980లో తీర్పు చెప్పినది. సొమ్ము డిక్రీకి స్త్రీలను నిర్బంధింపరాదు.

తండ్రి ఋణము కుమారునకు ధర్మమని మన స్మృతులు చెప్పినవి. 2005లో హిందూ వారసత్వ చట్టమును సవరించిన పిమ్మట చేసిన ఋణములకు ఆ ధర్మమొక్కటే కారణముగా కుమారునిపై కోర్టు చర్య తీసికొనదు. వారసుడు తనకు సంక్రమించిన ఆస్తిమేరకే బాధ్యుడు. అంతకుమించి తీర్చుట వాని యంతరాత్మకు సంబంధించిన విషయము.

పెద్దలారా! డిక్రీ యైన పిమ్మట మీరు రచ్చబండ దగ్గఱ కుదిర్చిన రాజీ ఎంత న్యాయమైనను, అది కాగితముపై కెక్కి, ఉభయుల చేవ్రాళ్లతో కోర్టునకు చేరిననే నిలుచును. కడపటి వాయిదా చెల్లిననాడు పూర్తి చెల్లు నమోదు చేయించి, భూమిపై జప్తు ఉన్నచో దానిని తొలగించు ఉత్తరువును పొంది, దాని నకలును దస్తావేజులతోపాటు భద్రపరచుకొనుమని బాకీదారునకు చెప్పుడు. ఆ నకలు ఇంటికి వచ్చిననాడే ఋణము తీరినట్లు.