మీట నొక్కినా నీళ్లు రాని పాత కారు

పాత కారులో వైపర్ మీట నొక్కినప్పుడు ముందు అద్దం మీదికి నీళ్లు చిమ్మకపోతే, లోపం మీటలోనే ఉందని తీర్మానించి కొత్త స్విచ్ బిగించడం తరచూ జరిగేదే గాని, అందులో డబ్బు వృథా అయ్యే అవకాశం తక్కువేమీ కాదు. ఆ మీట ఒక దారికి మధ్యలో ఉన్న భాగం మాత్రమే. ఆ దారిలో ప్రవహించేది కొన్ని కార్లలో కరెంటు, మరికొన్నింటిలో నేరుగా నీరే. ఏ కారులో ఏది ప్రవహిస్తున్నదో తేల్చుకున్న తరువాతే మీటను విప్పాలా వద్దా అన్న ప్రశ్నకు అర్థం ఉంటుంది.

నీరు మీట గుండా పోయే ఏర్పాటుకు ఫోక్స్‌వాగన్ బీటిల్‌ను మించిన ఉదాహరణ దొరకదు. 1960ల చివర వచ్చిన బీటిళ్లలో వాషర్‌కు మోటారు గాని పంపు గాని ఉండదు. ఇంజను వెనుక ఉండే ఆ కారులో ముందు బోనెట్ కింద స్టెప్నీ చక్రం ఉంటుంది. దానిలోని గాలి ఒక సన్నని గొట్టం ద్వారా నీళ్ల ట్యాంకులోకి చేరి, నీటిని ఒత్తిడితో పైకి నెడుతుంది. అలా వచ్చిన నీరు డాష్‌బోర్డు మీది వైపర్ స్విచ్‌లోనో, 1970ల నమూనాల్లోనైతే స్టీరింగ్ పక్క మీటలోనో ఉన్న చిన్న వాల్వు దగ్గర ఆగి, మీట నొక్కగానే నాజిళ్లకు, అంటే అద్దం వైపు తిరిగి ఉన్న సన్నని రంధ్రాలకు, వెళ్తుంది. గాలి మొత్తం వాషర్‌కే ఖర్చయితే స్టెప్నీ అవసరానికి పనికిరాదు కనుక, ఒత్తిడి ఒక హద్దు దాటి తగ్గగానే గాలిని ఆపివేసే మరో వాల్వును గొట్టంలో అమర్చారు. ఆ హద్దుకు పైన మిగులు ఉండాలి కాబట్టే స్టెప్నీలో మామూలు చక్రాల కంటే ఎక్కువ గాలి నింపి ఉంచాలి.

మోటారు ఖర్చును ఇంత తేలికగా తప్పించిన తెలివిని మెచ్చుకోవలసిందే గాని, దశాబ్దాలు గడిచాక ఆ ఏర్పాటే చిక్కు తెచ్చిపెడుతుంది. ఎప్పుడూ ఒత్తిడిని భరించే వాల్వులో రబ్బరు గట్టిపడితే నీరు స్విచ్ వైర్ల మీదికి, అక్కడినుంచి డ్రైవరు కాళ్ల మీదికి కారుతుంది. స్టెప్నీలో గాలి సరిపడా ఉండి, గొట్టాలు పగలకుండా ఉండి, నాజిళ్లు తెరుచుకునే ఉన్నా నీరు రాకపోతే, లోపం నిజంగా మీటలోనే ఉన్నట్టు. కారును యథాతథంగా నిలుపుకోవాలనుకునేవారు వాల్వునే మారుస్తారు. తక్కినవారు పాత గొట్టాలను మూసివేసి చిన్న విద్యుత్ పంపు పెట్టించుకోవడమే మేలు, ఎందుకంటే నీరూ కరెంటూ ఒకే స్విచ్‌లో పక్కపక్కన ఉండడం ఏ కాలంలోనైనా మంచి ఆలోచన కాదు.

మన రోడ్ల మీద ఇంకా తిరుగుతున్న పాత కార్లలో అత్యధికం విద్యుత్ పంపువే కనుక, వాటి తనిఖీ వేరుగా సాగుతుంది. ఇంజను ఆపి, తాళం చెవిని ఆన్‌లో ఉంచి, మీట నొక్కి చెవి పెట్టి వినాలి. పంపు గరగరమంటున్నా నీరు రాకపోతే మీటకు ఆ లోపంతో సంబంధమే లేదు. ట్యాంకు ఖాళీ కావడమో, గొట్టం ఊడిపోవడమో, నాజిల్ పూడుకుపోవడమో కారణం. శబ్దమే లేకపోతే ముందుగా ఫ్యూజును, ఆ తరువాత పంపు దగ్గరి ప్లగ్గును చూడాలి. ప్లగ్గు ఊడదీసి, దాని రెండు కొనలకు టెస్ట్ లైటు, అంటే రెండు తీగలు కలిపిన చిన్న బల్బు, తగిలించి మరొకరిచేత మీట నొక్కించినప్పుడు బల్బు కాంతివంతంగా వెలిగితే స్విచ్, వైరింగ్ రెండూ బాగున్నట్టే, చెడినది పంపు. వెలగకపోతే బల్బు ఒక కొనను ప్లగ్గులోని కరెంటు తీగకే ఉంచి, రెండో కొనను బ్యాటరీ నెగెటివ్‌కు కలిపి మళ్లీ మీట నొక్కించాలి. అప్పుడు వెలిగిందంటే ఎర్త్, అంటే కరెంటు కారు బాడీ ద్వారా బ్యాటరీకి తిరిగివెళ్లే దారి, తుప్పుపట్టిందని అర్థం. అప్పుడూ వెలగకపోతే లోపం స్విచ్‌లోనో దాని వైరింగ్‌లోనో ఉన్నట్టు. అయితే కొన్ని కార్లలో పంపుకు కరెంటు ఎప్పుడూ అందుతూ ఉంటుంది, మీట కలిపేది ఎర్త్‌నే. అటువంటి కారులో ఈ పరీక్ష ఫలితాన్ని తిరగేసి చదువుకోవాలి కాబట్టి వైరింగ్ పటం దగ్గర ఉండడం అవసరం.

ఇక్కడ మల్టీమీటర్ కంటే సాదా బల్బే నమ్మదగినది. మల్టీమీటర్ తీసుకునే కరెంటు అత్యల్పం కనుక, స్విచ్ కాంటాక్టులు నల్లబడి అరకొరగా తగులుతున్నా అది 12 వోల్టులు చూపించి మోసం చేయగలదు. బల్బు కొంత కరెంటు లాగుతుంది కాబట్టి అదే లోపం మసక వెలుగుగా బయటపడుతుంది.

దోషం స్విచ్‌దేనని తేలిన తరువాత బ్యాటరీ నెగెటివ్ తీగను తీసి, స్టీరింగ్ కింది ప్లాస్టిక్ కవర్లు విప్పి, మెకానిక్‌లు కాంబినేషన్ స్విచ్ అని పిలిచే మీటల కట్టను బయటికి తీయాలి. ఎయిర్‌బ్యాగ్ ఉన్న స్టీరింగ్ అయితే ఆ పని శిక్షణ పొందిన మనిషికే వదలాలి. లోపలి స్ప్రింగులు, ఉక్కు గుండ్లు ఎగిరి మాయమవుతాయి గనుక స్విచ్‌ను పారదర్శకమైన సంచిలో ఉంచి విప్పడం అనుభవజ్ఞుల అలవాటు. గట్టిపడిన గ్రీజును కాంటాక్ట్ క్లీనర్‌తో తుడిచి, రాగి మీది నల్లపొరను మెత్తగా తొలగిస్తే చాలాసార్లు మీట మళ్లీ పనిచేస్తుంది. గరుకు కాగితంతో రుద్దితే పైపూత పోయి కొద్దికాలానికే మళ్లీ నల్లబడుతుంది. ప్లాస్టిక్ కరిగి ఉంటే మాత్రం శుభ్రం చేయడం దండగ. అటువంటి స్విచ్ బజారులో దొరకనప్పుడు, డాష్‌బోర్డు కింద ఫ్యూజుతో కూడిన వేరే నొక్కుడు బటన్ పెట్టి పంపును దానికి కలపడం చూడడానికి అందంగా లేకపోయినా తప్పేమీ కాదు.

వాషర్ చెడడానికి నీరే కారణం కావచ్చు. లవణాలు ఎక్కువగా ఉన్న బోరు నీటిని ట్యాంకులో పోస్తే తెల్లని పొర నాజిళ్లను మూసివేస్తుంది, ట్యాంకు ఎండిన తరువాత కూడా మీట నొక్కుతూ ఉంటే పంపు వేడెక్కి కాలుతుంది. అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో, కెనడాలో ఉండే తెలుగువారికి ఎదురయ్యేది మరో సమస్య: మంచుకాలంలో మామూలు నీరు ట్యాంకులో గడ్డకట్టి పంపు కదలలేని స్థితిలో మీట గట్టిగా నొక్కి పట్టుకుంటే ఫ్యూజు పోతుంది, మంచు కరిగిన తరువాత కూడా వాషర్ పలకదు. గడ్డకట్టని వాషర్ ద్రవాన్ని చలి మొదలుకాక ముందే నింపి, ఒకటి రెండుసార్లు చిమ్మించి గొట్టాల్లోని పాత నీటిని కూడా వెళ్లగొట్టాలి.