గట్టు దాటేటప్పుడు ట్రాక్టరు పైలం

నాట్ల రోజుల్లో ఒక్క ట్రాక్టరు కోసం ఊళ్లో నలుగురైదుగురు రైతులు కాచుకొని ఉంటారు. గంట లెక్కన కిరాయి కనుక రైతుకూ తొందరే, డ్రైవరుకూ తొందరే. ఆ తొందరలో ఎక్కడ వీలైతే అక్కడ గట్టు ఎక్కించి దించేస్తుంటారు. బండి తిరగబడి మనిషి దాని కింద నలిగేది ఇలాంటి చోట్లే.

ట్రాక్టరు ఎత్తయిన బండి. చదును నేల మీద దాని బరువు నాలుగు చక్రాల మధ్య పడుతుంది. ఒక పక్క చక్రం గట్టెక్కి రెండో పక్కది గుంటలో దిగితే బరువంతా పల్లం వైపు జరుగుతుంది. ఆ చక్రాన్ని దాటి బయటికి పోయిందా, ఇక ఆపడం ఎవరి తరమూ కాదు. కాబట్టి గట్టును ఐమూలగా ఎక్కించొద్దు. ముందు చక్రాలు రెండూ ఒకేసారి ఎక్కేట్టు నేరుగా, చిన్న గేరులో, వెనక పనిముట్టును నేలకు తగలనంత మేరకే లేపి నిదానంగా దాటించాలి. బాగా వాలుగా ఉన్నచోట వెనక గొర్రు ఉంటే రివర్సులో ఎక్కి, ముందుకు దిగడం మేలు.

గట్టు మరీ ఎత్తుగా ఉంటే డ్రైవరు నేర్పు మీద వదిలెయ్యకుండా రైతే ముందురోజు పారతో రెండు పక్కలా మట్టి లాగి బాట చేసుకోవాలి. దమ్మయ్యాక గట్టు మళ్లీ పెట్టుకోవచ్చు. కాలువ కట్ట మీద పోయేటప్పుడు కాలువ ఎంత లోతో, అంచుకు కనీసం అంత దూరం ఉండాలి. వాన పడ్డాక అంచు పైకి గట్టిగానే కనబడుతుంది, చక్రం పడితే జారిపోతుంది.

వెనక్కి తిరగబడడం ఇంకా ప్రమాదం. వెనక చక్రాలు బురదలో కూరుకుంటే వాటికి మొద్దులు కట్టి ముందుకు లాగించడం చాలాచోట్ల చూస్తుంటాం. చక్రం తిరగలేకపోతే ఇంజను బలం బండి ముందు భాగాన్ని పైకి లేపుతుంది. సుమారు ఒకటిన్నర సెకనులో డ్రైవరు కింద, బండి పైన! రివర్సులో బయటికి రావాలి, లేదంటే మట్టి తవ్వి మరో బండితో లాగించాలి. గొలుసు ఎప్పుడూ కింది డ్రాబారుకే. టాప్ లింకు దగ్గర కట్టకూడదు.

ట్రక్కుతో పల్లం దిగేటప్పుడు డీజిలు మిగులుతుందని న్యూట్రల్ చేసేవాళ్లున్నారు. వెనక లోడు తోసుకొస్తుంటే ఉత్త బ్రేకులు ఏం ఆపుతాయి? ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే, క్లచ్ తొక్కకుండా దిగాలి. రోడ్డెక్కే ముందు రెండు బ్రేకు పెడళ్లకూ లింకు వెయ్యాలి. లేకుంటే ఒక్క చక్రమే పట్టి బండి పక్కకు లాగేస్తుంది.

పొలం గలాయన మడ్‌గార్డు మీద కూర్చొని దారి చూపించడం మామూలే. ఆ పని ముందు నడిచి కూడా చెయ్యొచ్చు. కుదుపుకు పడితే పెద్ద చక్రం కిందికే.

తిరగబడ్డా డ్రైవరు నలగకుండా సీటు చుట్టూ ఇనుప చట్రం ఉండాలని స్వీడన్‌లో కొత్త ట్రాక్టర్లకు 1959లోనే నిబంధన పెట్టారు. మన ఊళ్లలో తిరిగే పాత బండ్లలో చాలావాటికి అది కనబడదు. కొనేవారు చట్రం గురించి అడగాలి. చట్రం ఉన్న బండిలోనే బెల్టు పెట్టుకోవాలి. అది లేని బండిలో బెల్టు కడితే బయటపడే కాస్త వీలూ పోతుంది.