ముందు ఆయువు, పిదప వేగము

1989 ఆగస్టు మాసమున జపాను దేశపు నిస్సాన్ సంస్థ విపణిలోనికి తెచ్చిన స్కైలైన్ జీటీ-ఆర్ అను మోటారుకారు, పదునాఱేండ్లుగా మఱుగుపడియున్న ఒక ప్రఖ్యాతనామమును మరల ధరించి వచ్చి, స్వల్పకాలముననే పందెపుబాటలమీద తనకు తానే సాటి యనిపించుకొన్నది. ఆర్32 అను సంకేతముతో లోకము గుర్తించు ఈ తరపు బండి 1990 మొదలు 1993 వఱకు జపాను టూరింగ్ కార్ల పోటీలలో జరిగిన 29 పందెములను ఒక్కటియు విడువక గెలిచినది. ఆస్ట్రేలియాలోని బాథర్స్ట్ మహాపందెమును 1991, 1992 సంవత్సరములలో వరుసగా రెండుమార్లు చేజిక్కించుకొన్నది. ఆ దేశపు పత్రికవారు దీనికి జపాను చలనచిత్రములలోని మహామృగము పేరు పెట్టి ‘గాడ్జిల్లా’ అని పిలిచిరి. 1994లో ఉత్పత్తి నిలుచునాటికి తయారైనవి ఇంచుమించు 44 వేలు మాత్రమే.

వీనిలో మిక్కిలి భాగము జపాను రహదారులకొఱకే నిర్మింపబడినను, నేడు అనేకము సముద్రములు దాటి అమెరికా గృహములలోని గ్యారేజీలకు చేరినవి. 1988 నాటి అమెరికా చట్టమొకటి, ఆ దేశపు భద్రతానియమముల ననుసరించి నిర్మింపబడని విదేశవాహనమును తయారై ఇరువదియైదేండ్లు నిండిన పిమ్మటనే స్వేచ్ఛగా రానిచ్చును. ఆ లెక్క తయారైన మాసమును బట్టియే సాగును గనుక, తొలి ఆర్32 బండ్లకు 2014 ఆగస్టులో ద్వారము తెఱువబడినది. కాలిఫోర్నియా వంటి రాష్ట్రములలో కాలుష్యనియమములు వేఱుగా, కఠినముగా నుండును. కొనదలచినవారు ముందుగా తమ రాష్ట్రపు నిబంధనలను తెలిసికొనుట క్షేమము. మన దేశములో తయారై మూడేండ్లు దాటిన వాడుకకారును దిగుమతి చేసికొనుటకు సామాన్యముగా అనుమతి లేదు గనుక, ఈ బండిని స్వహస్తములతో బాగుచేసికొను అవకాశము తెలుగువారిలో విదేశములందు స్థిరపడినవారికే ఎక్కువగా కలదు.

బాగుచేయబూనినవాడు మొదట ఈ యంత్రస్వభావమును గ్రహింపవలెను. దీని ఇంజను ఒకే వరుసలో ఆఱు సిలిండర్లు కలిగి, పోతయినుప దిమ్మెమీద అల్యూమినియము హెడ్డు అమర్పబడి, రెండు టర్బోలచేత గాలిని పీల్చుకొనును. దాని పరిమాణము 2568 సీసీ అగుటకు పందెపు నియమమే కారణము: టర్బో ఇంజను పరిమాణమును 1.7 చేత హెచ్చవేసి తరగతిని నిర్ణయించు నాటి గ్రూప్-ఎ నిబంధన ప్రకారము అది 4366 అయి, 4500 లోపలి తరగతిలో చక్కగా ఇమిడినది. అధికారికముగా చెప్పబడిన 280 అశ్వబలము జపాను తయారీదారులు తమలో తాము ఏర్పఱచుకొన్న హద్దు. సాధారణముగా శక్తియంతయు వెనుకచక్రములకే పోవును. అవి జారనారంభించినంతనే, తైలపీడనముచేత బిగియు బహుఫలకముల క్లచ్ ద్వారా ఆ శక్తిలో సగము వఱకు ముందుచక్రములకు మరలును. దీనినే ‘అటెసా’ అందురు. మలుపులలో వెనుకచక్రములను సైతము స్వల్పముగా త్రిప్పు ‘హైకాస్’ అను ఏర్పాటు వేఱొకటి కలదు.

ఇట్టి బండి చేతికి వచ్చినవాని చిత్తము సహజముగా బలము పెంచుటమీదికే పరుగెత్తును. కాని మూడు దశాబ్దములు గడచిన యంత్రమును నిజముగా పీడించునది వార్ధక్యము. ఎండి బీటలువారిన రబ్బరు, తేమ త్రాగిన ద్రవములు, రేకుల మడతలలో దాగిన తుప్పు, పూర్వపు యజమానులు వ్రాతలేకుండ చేసి విడిచిన మార్పులు: ఈ నాలుగింటిని చక్కబెట్టక వేగమునకు ప్రాకులాడినవాడు ఉన్నదానిని సైతము పోగొట్టుకొనును. మొదట క్షయమును ఆపుట, తరువాత తయారీదారు నిర్దేశించిన స్థితికి తెచ్చుట, ఆ పిమ్మటనే మార్పులను తలపెట్టుట అను ఈ క్రమమే పునరుద్ధరణమునకు ప్రాణమని నా దృఢవిశ్వాసము.

పాత ఇల్లు కొన్నవాడు సున్నము కొట్టించుటకు ముందు దూలములకు చెద పట్టెనేమో చూచుకొనును గదా; ఇక్కడను అట్లే మొదటి పరీక్ష దేహమునకే జరుగవలెను. బానెట్టును, ముందువైపు ఫెండర్లును అల్యూమినియముతో చేయబడినవి గనుక వానికి తుప్పు భయము లేదు; అవి నిగనిగలాడుచుండుట చూచి తక్కిన దేహమును నమ్మరాదు. ఇంజను గదిలో షాక్‌అబ్జార్బర్ల పైకొనలు బిగించు గోపురములు, వెనుకచక్రముల పైనుండు వంపులు, తలుపుల క్రింద జాకీ ఆనించు అంచులు, డిక్కీ అడుగుభాగము, ఇవి ఈ జాతిలో తుప్పు ఆశ్రయించు తావులు. బ్యాటరీ డిక్కీలోనే ఉండును గనుక దాని క్రిందిరేకును ప్రత్యేకముగా పరిశీలింపవలెను. అతుకులపై పూసిన సీలెంటు ఉబ్బియున్నచో లోపల తేమ చేరినదని యెఱుగవలెను. పైపై మచ్చలను గీకి, తుప్పునిరోధకమును పూసి, రంగు వేయుట ఇంటనే సాధ్యము; గోపురముల వంటి భారము మోయు భాగములలో రేకు కోసి వెల్డింగు చేయవలసివచ్చినచో, ఆ పని నిపుణునికి అప్పగించుటయే వివేకము. ఇంట పని చేయునపుడు జాకీ నొక్కదానినే నమ్మి బండిక్రింద దూరుట ప్రాణాపాయకరము; గట్టి స్టాండ్లమీద నిలిపిన పిమ్మటనే క్రిందికి పోవలెను.

చిరకాలము నిలిచియున్న ఇంజనును తాళము త్రిప్పి వెంటనే మేల్కొలుపరాదు. స్పార్కుప్లగ్గులు ఊడదీసి, పెట్రోలు సరఫరాను ఇగ్నిషనును ఆపి, స్టార్టరుతో కొంతసేపు త్రిప్పి ఆయిలు పీడనము ఏర్పడుట చూచుకొనవలెను. ఆ అవకాశమున ఆఱు సిలిండర్ల కంప్రెషనును కొలిచి వ్రాసికొనవలెను. వానిలో ఒకటి తక్కినవానికంటె స్పష్టముగా తగ్గియున్నచో ఇంజను విప్పక తప్పదని తెలిసిపోవును. టైమింగుబెల్టు నిర్ణీతాయువు లక్ష కిలోమీటర్లు. మీటరు ఎంత తక్కువ చూపుచున్నను వయస్సు మీఱిన బెల్టును మార్చక నడుపుట సాహసము, ఏలయన అది తెగినచో పిస్టన్లును వాల్వులును ఒండొంటిని తాకి ఇంజను నాశనమగును. ఆ మూత తెఱచినప్పుడే నీటిపంపును, బెల్టుబేరింగులను, సీళ్లను మార్చివేయుట శ్రమను పొదుపు చేయును.

ఈ ఇంజనుకు గల జన్మదోషములు రెండు. మొదటిది ఆయిలుకు సంబంధించినది: తొలినాటి ఇంజన్లలో ఆయిలుపంపును త్రిప్పు క్రాంక్ ఇరుసు కొన పొట్టిగా నుండుటచేత, మిక్కిలి వడిగా తిరుగునపుడు పంపు పళ్లచక్రము పగులు ప్రమాదము కలదు, అంతేకాక, తీవ్రవేగమున ఆయిలు హెడ్డులో నిలిచిపోయి క్రిందికి దిగుటకు జాగుసేయును. ఇంజను విప్పినవారు ఇరుసుకొనకు వెడల్పయిన పట్టీ నమర్చి దృఢమైన పంపును వేయించుకొందురు. విప్పనివారు అత్యధికభ్రమణము జోలికి పోకుండుటయే రక్ష. రెండవది టర్బోలకు సంబంధించినది: వానిలో పొగచే తిరుగు చక్రములు సెరామిక్‌తో చేసినవి. అవి తేలికయై వేగముగా స్పందించును గాని, గాలిపీడనము ఒక బారునకు మించినచో ఇరుసునుండి ఊడిపోవు స్వభావము కలవి. తయారీదారు ఆ పీడనమును అదుపులో నుంచుటకు ఒక సన్నని గొట్టములో చిన్న అడ్డుబిళ్లను పెట్టెను. దానిని తీసివేసి బలము పెంచుకొనుట పూర్వపు యజమానులలో సామాన్యమైన అలవాటు. కావున క్రొత్తగా కొన్నవాడు ఆ బిళ్ల స్వస్థానమున నున్నదో లేదో మొట్టమొదట వెదకవలెను.

ఇంధనవిషయములో పెక్కుమంది భ్రమపడుదురు. ఈ ఇంజను జపానులోని ప్రీమియం పెట్రోలునకై రూపొందినది. దాని ఆక్టేనును అచ్చట కొలుచు పద్ధతి వేఱు, అమెరికా పంపులమీద చూపు పద్ధతి వేఱు. అమెరికాలోని 93 అంకె జపాను లెక్కలో ఇంచుమించు 98కి సమానమగును గనుక, లభించువానిలో అత్యుత్తమమైన దానినే పోయవలెను. నాసిరకము పోసినచో సిలిండరులోని మిశ్రమము అకాలమున మండి పిస్టన్లను దెబ్బతీయును. బండి నిలిచియుండగా నెమ్మదిగా తిరుగు ఇంజను వణకుచున్నచో, ఖరీదైన భాగములను శంకించుటకు ముందు ఎండిన వాక్యూమ్‌గొట్టములను, గాలిని కొలుచు రెండు మీటర్లలోని విడిపోయిన టంకములను, పాతబడిన ఇగ్నిషన్ కాయిళ్లను చూడవలెను.

నాలుగుచక్రముల ఏర్పాటునకు సంబంధించిన నియమములు సరళములే యైనను అతిముఖ్యములు. నాలుగు టైర్లును ఒకే కొలతవి, ఒకే అరుగుదల కలవి కావలెను. చుట్టుకొలతలో భేదమున్నచో అటెసా క్లచ్ అనవసరముగా శ్రమించి వేడెక్కును. బండి నిలిచిపోయినచో రెండుచక్రములు నేలమీద దొర్లుచుండగా లాగించుకొనరాదు, నాలుగును నేలవదలునట్లు పడకలారీమీదనే తరలింపవలెను. గేరుబాక్సు, ట్రాన్స్‌ఫరుబాక్సు, డిఫరెన్షియల్, అటెసా, బ్రేకు, వీనిలో ప్రతిదియు తనకు నిర్దేశింపబడిన ద్రవమునే కోరును. ఒకదానికి బదులొకటి పోయుట మహాపరాధము. ముందు సస్పెన్షను పైచేతుల బుష్షులు ఈ బండిలో త్వరగా అరుగును. స్టీరింగు తేలిపోవుచున్నట్లు తోచినచో మొదట వానిని చూడవలెను.

విడిభాగములు దొరకవను నిరాశ నేడు కొంత తొలగినది. నిస్సాన్ వారి పందెపుశాఖ యగు నిస్మో 2017 చివర ఆర్32 కొఱకు ‘హెరిటేజ్’ భాగములను మరల తయారుచేయించి అమ్ముట కారంభించినది. ఐనను తొలగించిన మూలభాగమును ఎన్నడును పాఱవేయరాదు. విప్పిన ప్రతి బోల్టును పేరు వ్రాసిన సంచిలో నుంచుట, విప్పుటకు ముందు ఛాయాచిత్రము తీసికొనుట, మార్చిన వస్తువు, తేది, కిలోమీటర్ల లెక్క ఒక పుస్తకమున వ్రాయుట, ఇవి చిన్నపనులుగా తోచినను, రేపు ఈ బండిని చేపట్టువానికి మనము విడిచిపోవు విజ్ఞానము ఇదియే. నేడు మనలను వేధించు సందిగ్ధములలో సగము, నిన్నటివాడు వ్రాసిపెట్టకపోవుటచే కలిగినవే గదా!

బాగుపడిన పిమ్మట పోషణము తేలిక. ఆయిలును సకాలమున మార్చి, బ్రేకుద్రవమును తేమ చేరకమునుపే క్రొత్తది పోసి, వాడినపుడెల్ల ఇంజను పూర్తిగా వేడెక్కువఱకు నెమ్మదిగాను, వడిగా నడిపిన పిదప టర్బోలు చల్లబడుటకు ఇంజనును ఆపక కొంతసేపు బండిని నిలిపియు, గ్యారేజీలో రెండునిమిషములు ఊరక స్టార్టుచేసి ఆపు అలవాటును మానియు ఉన్నచో ఈ యంత్రము చిరకాలము సేవచేయును. ఇట్టివి ఇకమీదట తయారు కావు. కనుక ఈ బండిని చేపట్టిన పాఠకులకు నా విన్నపమిది: తుప్పును ఆపుడు, ద్రవములను మార్చుడు, చేసిన ప్రతిపనిని వ్రాసియుంచుడు, ఆ మూడును ముగిసిన పిమ్మటనే వేగమును గూర్చి ఆలోచింపుడు.