దూకే నీళ్ళ దగ్గర ఒక ఆదివారం

ఇండియా నుంచి చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళకు మనం చూపించేవి సాధారణంగా మూడే. కౌలాలంపూర్ జంట గోపురాలు, బటు గుహల మురుగన్, గెంటింగ్ కొండ. కిందటేడు అక్టోబరులో మా తోడల్లుడు గారు భార్యతో కాకినాడ నుంచి వచ్చినప్పుడు ఈ మూడూ రెండు రోజుల్లో తేలిపోయాయి. మూడో రోజు కాఫీ తాగుతూ, "అన్నయ్యగారూ, ఈ జనం కాకినాడలోనూ ఉన్నారు. జనం లేని చోటేదైనా ఉంటే చూపించండి" అన్నారు. మాకు అడవిలో జలపాతాల పిచ్చి ఉన్న సంగతి మా మరదలు ముందే చెప్పి ఉంటుంది. ఆదివారం ప్రయాణం కట్టాం. అక్కడ జరిగింది, ఆ తర్వాత జరిగింది పత్రికకు రాయమని సంఘం మిత్రులు నాలుగు నెలలుగా అడుగుతుంటే ఇప్పటికి కుదిరింది.

రాజధానికి ఉత్తరంగా అరవై కిలోమీటర్ల పైచిలుకు పోతే కౌలా కుబు బారు వస్తుంది. బారు అంటే కొత్త. పాత కౌలా కుబు 1883లో ఎగువనున్న ఆనకట్ట తెగి కొట్టుకుపోయింది. బ్రిటిష్ అధికారి ఒకరు కూడా ఆ వరదలో పోయారు. ఆ తర్వాత కూడా వరదలు వదలకపోవడంతో ఇరవయ్యో శతాబ్దంలో ఊరినే మరో చోటికి మార్చి కొత్తగా కట్టారు. ఈ కథంతా కారులో మేమే వినిపించాం. వినిపించి, దాన్ని అక్కడే మరిచిపోయాం.

ఆ ఊరు దాటాక ఫ్రేజర్ కొండకు పోయే ఘాట్ రోడ్డు. పేరున్న చిలింగ్ జలపాతం ఈ దారిలోదే. దానికి నడిచి వెళ్ళేవారు ఏరును అయిదారు సార్లు దాటాలి. మేము వెళ్ళింది అక్కడికి కాదు. ఇంకా పైన, తెమువాన్ గిరిజనులు తిరిగే అడవిలో ఒక చిన్న ఏరుంది. దాని పేరు రాయం. రాస్తే వచ్చే ఆదివారానికి అక్కడ బిర్యానీ పొట్లాలు తేలతాయి. మాకు దారి చూపే తెమువాన్ పెద్దాయన ఒకరున్నారు. పాక్‌చిక్ అని పిలుస్తాం, అంటే చిన్నాన్న అన్నట్టు. ఆయనకు అరవై దాటి ఉంటాయి. కాళ్ళకు రబ్బరు చెప్పులు, నడుముకు కత్తి, నోట్లో చుట్ట.

గంటంబావు నడక. జలగలు పట్టాయి. మరదలు కేక పెట్టినప్పుడల్లా పాక్‌చిక్ వచ్చి పొగాకు నీళ్ళు రాసేవాడు. జలగ కాటుకు భయపడనక్కర్లేదు, నెత్తురు గడ్డకట్టనివ్వని పదార్థం వదులుతుంది గనక కాస్త ఎక్కువసేపు కారుతుంది, అంతేనని మేము వైద్య సలహా ఇచ్చాం. ఎవరూ వినలేదు.

ఆ మడుగు చూస్తే మాత్రం అందరి నోళ్ళూ మూతపడ్డాయి. నల్లరాతి గోడ మీంచి మూడు నిలువుల ఎత్తున నీళ్ళు దూకుతున్నాయి. కింద మన ఊరి దిగుడుబావి వెడల్పున గుండ్రటి మడుగు, అడుగున ఇసుక రేణువులు లెక్కపెట్టేంత తేటగా ఉంది. ఎండ చెట్ల సందుల్లోంచి పడ్డ చోట నీళ్ళు పచ్చగాజులా మెరుస్తున్నాయి. దిగితే నిముషం పాటు ఊపిరి ఆగేంత చలి. చిన్న చేపలు వచ్చి పాదాల మీద చర్మం కొరుకుతుంటే మా రెండోవాడు నవ్వి నవ్వి నీళ్ళు మింగాడు.

మలయ్ భాషలో జలపాతాన్ని ఆయిర్ తెర్జున్ అంటారు, అంటే దూకే నీరు. మనకు పడుతుంది, వాళ్ళకు దూకుతుంది. మడుగు లుబుక్. ఊట పేరు మాతా ఆయిర్, నీటి కన్ను. వాగు అనక్ సుంగై, ఏటి బిడ్డ. మనమూ పిల్ల కాలువ అనమూ? పులిహోర తింటూ ఇవన్నీ చెప్పుకుని మురిసిపోయాం. ఇంకో మాట ఉంది, కెపాలా ఆయిర్ అని. నీటి తల. అది ఆ రోజు మాకు గుర్తుకు రాలేదు.

పన్నెండున్నర అయింది. తల మీద ఆకాశం నీలంగానే ఉంది. చుట్ట కాలుస్తూ కూర్చున్న పాక్‌చిక్ లేచి ఏటి ఎగువకు చూశాడు. మేమూ చూశాం. మాకేమీ కనబడలేదు. ఆయన చేత్తో కాసిని నీళ్ళు తీసి చూపించాడు. అందులో రెండు ఆకు ముక్కలు, చిన్న పుల్ల. "నాయిక్! నాయిక్!" అన్నాడు. ఎక్కండి, ఎక్కండి అని.

తోడల్లుడు గారు అప్పుడే మళ్ళీ దిగారు. "పది నిముషాలు, అన్నయ్యగారూ" అన్నారు. మేమూ పది నిముషాలేగా అనబోయాం. ఆ పెద్దాయన మాతో వాదించలేదు. మా చిన్నవాణ్ణి భుజాన వేసుకుని గట్టెక్కడం మొదలుపెట్టాడు. బిడ్డ ఆయన దగ్గరున్నాడు గనక మేమంతా ఎక్కాల్సి వచ్చింది. అదొక్కటే మమ్మల్ని కాపాడిందని ఇప్పటికీ మా నమ్మకం. తోడల్లుడు గారు ఆఖరున వస్తూ జారి, మోకాలి కింద చెక్కుకుపోయి, మడుగులో మరోసారి మునిగి లేచారు. అప్పటికే నీళ్ళు టీ డికాక్షను రంగు తిరిగాయి.

ఆ తర్వాత వచ్చింది చప్పుడు. లారీ ఇసుక దింపినట్టు, ఎంతకీ ఆగని చప్పుడు. మేము పులిహోర తిన్న బండ కళ్ళ ముందే మునిగింది. స్టీలు క్యారియరు దాని మీదే ఉంది. తేటనీళ్ళ చోట దుంగలు పోతున్నాయి. పై నుంచి కిందకు వచ్చిన చుట్టచుట్టల మట్టి నీళ్ళలో రాతిగోడ కూడా కనబడలేదు. మేము గట్టు మీద నిలబడ్డ చోట ఒక్క చినుకు లేదు.

దీని కారణం సులువే. ఎగువ కొండల మీద వాన పడుతుంది. ఈ తితివాంగ్సా పర్వతశ్రేణి చాలా వరకు గ్రానైటు రాయి, నిటారు వాలు. నీరు ఇంకడానికి చోటు తక్కువ, దిగడానికి దారి ఇరుకు. కూలిన మానులు అడ్డుపడి చిన్న ఆనకట్టలా నీరు నిలిస్తే, అది తెగినప్పుడు ఒక్కసారిగా వస్తుంది. పడమటి వైపున ఏప్రిల్, మే నెలల్లోనూ అక్టోబరు, నవంబరుల్లోనూ మధ్యాహ్నం ఉరుముల వానలు ఎక్కువ. అందుకే తెలిసినవాళ్ళు పొద్దున్నే వెళ్ళి భోజనం వేళకు బయటపడతారు. 2021 ఆగస్టులో కెడాలోని గునుంగ్ జెరాయ్ కొండ దగ్గర ఇలాగే వచ్చిన వరదకు మనుషులు చనిపోయారు.

మేము ఉన్న గట్టు కారు ఉన్న వైపు కాదు. నీళ్ళు కాస్త తగ్గగానే దాటుదామని మాకు ఆత్రం. పాక్‌చిక్ కూర్చున్నవాడు లేవలేదు. మూడు గంటల పైన అలాగే ఉంచాడు. పిల్లలు ఆకలన్నారు, మా శ్రీమతి మాతో మాట్లాడడం మానేసింది. ఫోనుకు సిగ్నలు లేదు. చీకటి పడేలోగా కారు చేరాం. కథ అయిపోయిందనుకున్నాం.

తొమ్మిదో రోజున తోడల్లుడు గారికి చలిజ్వరం వచ్చింది. ఒళ్ళు నొప్పులు, తలనొప్పి. ప్లేట్‌లెట్లు లక్షా పదివేలు. ఈ దేశంలో జ్వరమంటే ముందు డెంగీ. డెంగీ పరీక్షలో ఏమీ తేలకపోయినా రేపు మళ్ళీ చేద్దాంలే అనుకుని పారాసిటమాల్, నీళ్ళు, విశ్రాంతి చెప్పాం. మూడో రోజు పొద్దున మా శ్రీమతి వచ్చి, "మీరు డాక్టరు, నేను కాదు. కానీ ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి, పుసి లేదు. పిక్కలు ముట్టుకోనివ్వడం లేదు. రాత్రి నుంచి ఒంటేలుకు లేవలేదు" అంది.

అప్పుడు తట్టింది. ఏ రోగి జ్వరంతో వచ్చినా, ఏటిలో దిగావా, ఎక్కడ ఈదావు అని అడగడం మాకు అలవాటే. ఈయన్ను మాత్రం అడగలేదు. ఈదించింది మేమే కదా.

మలయ్ వాళ్ళు దీన్ని ఎలుక మూత్రం జబ్బు అంటారు, లెప్టోస్పైరోసిస్. అడవి ఎలుకల మూత్రంలోని క్రిమి వాన కడిగిన నీటితో ఏట్లోకి వస్తుంది, చెక్కుకుపోయిన చర్మం గుండానో కళ్ళ గుండానో ఒంట్లో దూరుతుంది. సాధారణంగా వారం, రెండు వారాల్లో జ్వరం వస్తుంది. మొదటి రోజుల్లో రక్తపరీక్షలో దొరక్కపోవచ్చు, అందుకని ఫలితం కోసం ఆగకుండా మందు మొదలుపెట్టాలి. 2000లో సబాలో జరిగిన ఒక సాహసపు పోటీలో సెగామా నదిలో ఈదిన క్రీడాకారులు పదుల సంఖ్యలో దీని బారిన పడ్డారు. 2010లో పహాంగ్‌లో లుబుక్ యు అనే విహారస్థలంలో మునిగిపోయిన ఒకరి కోసం 153 మంది గాలించారు. వారిలో పదిమందికి మట్టిలో ఉండే మరో క్రిమి వల్ల మెలియాయిడోసిస్ వచ్చింది. వీరిలో నలుగురికి ఈ ఎలుక జబ్బు కూడా తోడైంది. ఆ పదిమందిలో ఎనిమిదిమంది పోయారు. ఇవన్నీ మేము చదివినవే.

ఆసుపత్రిలో చేర్చేసరికి కళ్ళు పచ్చబడ్డాయి, మూత్రపిండాలు మందగించాయి. పెన్సిలిన్ ఇంజెక్షన్లు వారం రోజులు. డయాలిసిస్ గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చారు. మరదలు మా ఎదుట ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. విమానం టిక్కెట్లు మార్చి పంపాల్సి వచ్చింది.

జలపాతాలు మానేశారా అని అడుగుతున్నారు. మానలేదు. పొద్దున్నే వెళ్తాం, పదకొండున్నరకు లేస్తాం. కిందటి రోజు వాన పడి ఉన్నా, ఒంటి మీద పుండు ఉన్నా గట్టు మీదే కూర్చుంటాం. నీటిలో ఆకు తేలితే వాదించం. ఇంటికొచ్చాక రెండు వారాల్లో ఎవరికి జ్వరం వచ్చినా, "మడుగులో దిగాం" అని డాక్టరుకు మొదటి మాటగా చెప్పమని మన సంఘం వారందరికీ మనవి. డాక్టరు అడుగుతాడులే అనుకోవద్దు.

ఫిబ్రవరిలో వెళ్ళినప్పుడు పాక్‌చిక్ ఇంట్లోంచి ఒక స్టీలు గిన్నె తెచ్చి ఇచ్చాడు. మన క్యారియరులో మధ్య గిన్నె. రెండు మలుపుల కింద వేళ్ళలో ఇరుక్కుని దొరికిందట, ఒక పక్క సొట్టపోయింది. తోడల్లుడు గారికి ఫోనులో చెబితే, "మిగతా గిన్నెలు దొరికాయా?" అన్నారు. లేదన్నాం. "మళ్ళీ వచ్చినప్పుడు వెతుకుదాం" అన్నారు. పక్కనుంచి మరదలు ఏదో అంది, మాకు సరిగా వినపడలేదు.