పని కృష్ణపట్నంలో, పడక యాడ?

కార్తీకంలో, వాన పట్టిన ఒక రాత్రి పదకొండున్నరకు మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. "మామా, కృష్ణపట్నంలో ఉన్నా. రూము కనపడటం లేదు" అని. ఉంటే గదా కనపడేది! పోర్టు గేటుకెదురుగా ఏసీ గది, కిటికీ తెరిస్తే సముద్రం అంటూ ఎవరో పంపిన ఫొటో చూసి, అడ్వాన్సు కింద రెండు వేలు ఫోన్లో కొట్టేశాడు. తెల్లారి డ్యూటీలో చేరాలని గుంటూరు నుంచి నేరుగా వచ్చేశాడు. డబ్బు పుచ్చుకున్న మనిషి ఆ సాయంత్రం నుంచే ఫోన్ ఎత్తడం మానేశాడు. లారీలకు పంక్చర్లు వేసే ఒకాయన జాలిపడి తన బల్ల మీద పడుకోనిచ్చాడు గనక సరిపోయింది.

వాడొక్కడే అయితే వాడి ఖర్మ అనుకుందును. నెల్లూరులో ఉంటున్న పాపానికి ఇలాంటి ఫోన్లు నాకు తరచూ వస్తాయి. ఉద్యోగంలో చేరేవాళ్లు, కాంట్రాక్టు పనికి వచ్చేవాళ్లు, ఓడ మీద పనిచేసే కొడుకును చూడటానికి వచ్చే తల్లిదండ్రులు, అందరి నోటా ఒకటే మాట. "పోర్టులో పనుంటే పోర్టు పక్కనే దిగాలంట గదా. అక్కడ బోలెడన్ని లాడ్జీలంట, బీచి కూడా ఉందంట." ఈ 'అంట'ల వల్ల పోయే డబ్బు ఒక ఎత్తు, చంటిపిల్లలతో అర్ధరాత్రి లారీల మధ్య నిలబడటం ఇంకో ఎత్తు.

ఈ మాట ఎక్కడ పుట్టిందో ఊహించడం కష్టం కాదు. విశాఖ చూసినవాళ్ల బుర్రలో పుట్టింది. అక్కడ హార్బరూ ఊరూ ఒకదాన్ని పట్టుకుని ఒకటి పెరిగాయి. ఓడ దిగితే బజారు, బజారు దాటితే బీచి రోడ్డు. కృష్ణపట్నం అట్లా పెరిగింది కాదు. ముత్తుకూరు మండలంలో సిద్ధేశ్వరాలయం, లైట్‌హౌసు, చేపల పడవలు ఉన్న పల్లె అది. 2008లో దాని పక్కన ఇప్పటి పోర్టు మొదలైంది. పోర్టుకు బొగ్గు దిగింది, ముడిఖనిజం ఎక్కింది, రైలు పట్టాలూ నాలుగు వరసల రోడ్డూ వచ్చాయి. వీటిలో ఏదీ ఊళ్లో రాత్రి బస చేసే రకం కాదు. లారీ డ్రైవరు లారీలోనే పడుకుంటాడు, ఓడవాడు ఓడలో. ఇక హోటలు ఎవడి కోసం కడతారు?

"పోర్టు గెస్ట్‌హౌసులో అడిగితే ఇస్తారు" అనే పెద్దమనుషులు ఇంకొందరున్నారు. "నవయుగ వాళ్లు మనవాళ్లే" అని కూడా అంటారు. అయ్యా, ఆ పోర్టు కట్టిన నవయుగ కంపెనీ ఇప్పుడు అక్కడ లేదు, 75 శాతం వాటా 2020లోనూ, మిగతా 25 శాతం 2021లోనూ అదానీ చేతికి పోయింది. మీ సమాచారానికి బూజు పట్టింది. కంపెనీ గెస్ట్‌హౌసు కంపెనీ పిలిచిన మనిషికి. మిమ్మల్ని పిలిచి ఉంటే గది కోసం నాకు ఫోన్ చెయ్యరు.

సముద్రం సంగతి. ఓడల, రేవుల భద్రతకు సంబంధించిన అంతర్జాతీయ నియమావళి ఒకటి, ఐఎస్‌పీఎస్ అంటారు, 2004 జులై 1 నుంచి ప్రపంచమంతటా అమల్లో ఉంది. విదేశీ ఓడలు వచ్చే ఏ రేవులోకైనా పాసు లేకుండా అడుగు పెట్టనివ్వరు. గేటు దగ్గర నిలబడితే మీకు కనపడేది గోడ, సెక్యూరిటీ గది, టార్పాలిన్ కప్పిన లారీల వరస. అలలు చూడాలని ఉంటే మైపాడుకో కోడూరుకో పోండి. అట్లాగని మైపాడు బీచిలో గది తీసుకుని "అదే తీరం గదా, పది నిమిషాల్లో పోర్టుకు పోతా" అనుకోవద్దు. అది ఇందుకూరుపేట మండలం. సముద్రం ఒకటే అయినా, మనం పోయే దారి తోటపల్లిగూడూరు మీదుగా పొలాల మధ్య వంకర్లు తిరిగే ఊళ్ల దారి.

అసలు తిరకాసు వేరే ఉంది. 'కృష్ణపట్నం' అన్న పేరును నాలుగు చోట్లకు పంచారు. ఒకటి పల్లె, రెండు పోర్టు. మూడోది ఊరికి అటూ ఇటూ ఉన్న ఫ్యాక్టరీల సంత. నేలటూరు దగ్గర దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రం ఉంది. ఇక్కడ ఎవరినడిగినా జెన్‌కో అంటారు. 800 మెగావాట్లవి మూడు యూనిట్లు, మూడోదాన్ని 2022 అక్టోబరులో జాతికి అంకితం చేశారు. పైనాపురం దగ్గర ప్రైవేటు థర్మల్ ప్లాంటు, పంటపాళెం దగ్గర వంటనూనె రిఫైనరీలు. ఈ మూడూ కండలేరు ఏటికి ఉత్తరాన ఉన్నాయి.

నాలుగోది ఏటికి దక్షిణాన. కృష్ణపట్నం పారిశ్రామిక నగరం, ముద్దుపేరు క్రిస్ సిటీ. 2025 జనవరి 8న ప్రధాని విశాఖలో ఉండి దీనికి శంకుస్థాపన చేశారు. పేరులో కృష్ణపట్నం ఉంది గానీ అది చిల్లకూరు, కోట మండలాల్లో ఉంది. తమ్మినపట్నం థర్మల్ ప్లాంట్లదీ అదే గట్టు. ఫోన్లో మ్యాపు చూస్తే పోర్టుకూ తమ్మినపట్నానికీ మధ్య వేలెడు దూరం. ఆ వేలెడులో ఏరు ఉంది సామీ! గదులు అమ్మే యాప్ మీకు చూపే కిలోమీటర్లు చాలాసార్లు కాకి ఎగిరే లెక్క. మీరు కాకి కాదు గనక వెనక్కొచ్చి, హైవే ఎక్కి, గూడూరు వైపు నుంచి చుట్టి రావాలి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలను విడగొట్టినప్పుడు గూడూరు వైపును తిరుపతి జిల్లాలో కలిపారు. జిల్లాల గీతలు ప్రభుత్వాలు గీస్తాయి, చెరుపుతాయి. ఏరు మాత్రం అక్కడే ఉంటుంది, దిగేచోటు తేల్చేది కూడా అదే.

కాబట్టి ఆఫరు లెటరులో 'కృష్ణపట్నం' అని కనపడగానే గది వెతకొద్దు. పిలిచినవాళ్లకు ఫోన్ చేసి ఏ గేటు, ఏ ఊరి దగ్గర అని అడగండి. చిల్లకూరు, కోట, తమ్మినపట్నం అన్నారంటే గూడూరులో దిగండి. చాలా ఎక్స్‌ప్రెస్‌లు ఆగే జంక్షను, ఊళ్లో లాడ్జీలున్నాయి. ఎక్కువ రోజుల పనైతే కోట దగ్గరి విద్యానగర్లో అద్దె గదులు చూడొచ్చు. ఇంజనీరింగ్ కాలేజీ పిల్లల పుణ్యమా అని అక్కడ గదులకూ మెస్సులకూ అలవాటు పడిన ఇళ్లున్నాయి. పోర్టు, జెన్‌కో, నూనె మిల్లులు అంటే రెండు మూడు రాత్రులకు నెల్లూరు, నెలల లెక్కన అయితే ముత్తుకూరు. మత్స్య కళాశాల, మండలాఫీసులు ఉన్న ఊరు గనక ముత్తుకూరులో నెల అద్దెకు పోర్షన్లు, కర్రీ పాయింట్లు ఉంటాయి. తెల్లవారుజామున ఆరింటి షిఫ్టు ఉన్నవాడికి నెల్లూరు నుంచి రోజూ పాతిక కిలోమీటర్లు లారీల వెనక ప్రయాణం ఒంటికి మంచిది కాదు.

నెల్లూరు అనగానే ఇంకో శాస్త్రం బయటికొస్తుంది. "స్టేషన్ దగ్గర లాడ్జీలు మర్యాదస్తులకు కాదు, మాగుంట లేఅవుట్‌లోనే దిగాలి." మాగుంట లేఅవుట్ శుభ్రంగా ఉంటుంది, మంచి హోటళ్లూ ఉన్నాయి, కాదనను. కానీ అది రైలు పట్టాలకు పడమర. మీరు పోవాల్సిన ముత్తుకూరు రోడ్డు తూర్పున. గట్టి వాన పడితే మాగుంట లేఅవుట్, రామలింగాపురం అండర్‌బ్రిడ్జీలలో నీళ్లు నిలుస్తాయి. మా వానలు ఆషాఢంలో పలకరించి పోయినా, అసలు పని అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చేస్తాయి. ఆ రోజుల్లో తెల్లారి ఎనిమిదికి గేటు దగ్గర ఉండాల్సినవాడు పట్టాలకు తూర్పున, ట్రంకురోడ్డు మీదో దర్గామిట్టలోనో దిగితే ఒక గండం తప్పుతుంది. స్టేషన్ చుట్టూ ఉన్న లాడ్జీల్లో రకరకాలవి ఉంటాయి. గది చూసి, బాత్రూములో కొళాయి తిప్పి, తలుపు గడియ పడుతుందో లేదో చూసి అప్పుడు డబ్బియ్యండి. పేటను బట్టి మర్యాద నిర్ణయించే అలవాటు మన తాతలతో పోవాల్సింది.

"కోవూరు వైపు చవక" అని ఇంకో మాట. చవకే. కానీ మధ్యలో పెన్న ఉంది. 2021 నవంబరు వరదలో పడుగుపాడు దగ్గర హైవే, రైలు పట్టాలు రెండూ తెగిన సంగతి కోవూరు వాళ్లనే అడగండి.

"ఓబులవారిపల్లె లైను పడింది గదా, రైల్లో నేరుగా కృష్ణపట్నంలో దిగొచ్చు." 2019 సెప్టెంబరులో వెంకయ్యనాయుడు గారు ఉపరాష్ట్రపతిగా ఉండగా ప్రారంభించిన లైనే అది. రాపూరు కొండల్లో ఆరు కిలోమీటర్లు దాటిన సొరంగం కూడా ఉంది. మీరు బొగ్గయితే నేరుగా దిగొచ్చు. మనుషులైతే నెల్లూరులోనో గూడూరులోనో దిగండి.

"ఆనందయ్య మందు కోసం ఊళ్లో నిద్ర చెయ్యాలి." కోవిడ్‌కు ఆయన ఇచ్చిన నాటు మందు కోసం 2021 మే నెలలో కృష్ణపట్నం దారులన్నీ కార్లతో నిండి, జనం ఒకరి మీద ఒకరు పడిన ఆ రోజులు ఎవరూ మరిచిపోలేదు. మే 31న ప్రభుత్వం ఆ మందుల్లో కొన్ని రకాలకు అనుమతిచ్చింది, హాని కనపడలేదని. కోవిడ్ తగ్గిస్తుందని రుజువైనందుకు కాదు. జబ్బు చేస్తే డాక్టరున్న ఊళ్లో నిద్ర చెయ్యండి.

"నెల్లూరులో గది ఎప్పుడంటే అప్పుడు దొరుకుతుంది." రొట్టెల పండగ రోజుల్లో వచ్చి ఆ మాట అనండి. మొహర్రంలో బారాషహీద్ దర్గాకు, స్వర్ణాల చెరువుకు దేశం నలుమూలల నుంచి జనం వస్తారు. దర్గామిట్టలో దిగమని ఇందాక నేనే చెప్పాను గానీ ఆ ఐదు రోజులూ ఆ మాట వాపసు తీసుకుంటున్నా. ఈ పండగ చాంద్రమానం ప్రకారం ఏటా ముందుకు జరుగుతుంది. పని తేదీ ఖాయం చేసుకునే ముందు మొహర్రం ఎప్పుడో క్యాలెండరు చూడండి.

ఇక నెల్లూరు దోమలు. మా ఊరి దోమల మీద రాష్ట్రమంతా జోకులేస్తుంది, వినివిని ఒళ్లు మండి ఖండిద్దామనే కూర్చున్నా. ఖండించలేను. చుట్టూ మాగాణి, ఊరినిండా కాలవలు, చాలావి మూతల్లేనివి. మాగుంట లేఅవుట్, ట్రంకురోడ్డు, ముత్తుకూరు అన్న తేడా వాటికి లేదు. గది బుక్ చేసేటప్పుడు ఏసీ ఉందా అని కాదు, కిటికీకి జాలీ ఉందా అని అడగండి. చిరిగిపోయిన జాలీని కూడా 'ఉంది' కిందే లెక్కేస్తారు, ఫొటో పెట్టమనండి.

ఆ ఫొటోల మాటకొస్తే, ముక్కూ మొహం తెలియనివాడు ముందే డబ్బు కొట్టమంటే లాడ్జి పేరు, ఏ సెంటరులో ఉందో, అక్కడి ల్యాండ్‌లైను నంబరు అడగండి. చెప్పింది నిజమో కాదో ఆ వీధిలో ఉన్న ఏ మందుల షాపుకు ఫోన్ చేసినా రెండు నిమిషాల్లో తేలుతుంది. మావాడు ఇవేవీ అడగలేదు. సముద్రం చూసి పడిపోయాడు.

ఇప్పుడు ముత్తుకూరులో మేడ మీద పోర్షనులో ఉంటున్నాడు. పోయిన ఆదివారం ఫోన్ చేశాడు. "మామా, మా ఫ్రెండుకు క్రిస్ సిటీలో సైటు ఇంజనీరు ఉద్యోగం వచ్చింది. అదీ కృష్ణపట్నమే గదా, నా రూములోనే ఉండమని చెప్పేశా. అడ్వాన్సు కూడా పంపించాడు."

ఫోన్ స్పీకర్లో పెట్టుకుని, ఏటి దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టాను.