టెన్నిస్ మోచేయి
టెన్నిస్ మోచేయి అనగా మణికట్టును పైకెత్తే కండరాల స్నాయువు, మోచేతి వెలుపలి ఎముకకు అతుకుకొనే చోట క్షీణించుట వలన కలిగే నొప్పి. పేరు ఎట్లున్నా, రోగులలో అధికులు టెన్నిస్ ఆడనివారే. దీనిని చాలాకాలం వాపుగా భావించారు. 1979లో నిర్ష్ల్, పెట్రోన్ అను వైద్యులు శస్త్రచికిత్సలో తీసిన స్నాయువులో అపరిపక్వ కణజాలము, కొత్త రక్తనాళాలు ఉన్నట్లు వివరించారు.

ఎక్స్‌రేలో ఈ క్షీణత సాధారణంగా తెలియదు. అల్ట్రాసౌండ్‌లో ఆరోగ్యకరమైన స్నాయువు తెల్లని సన్నని చారలుగా కనిపిస్తుంది; క్షీణించిన భాగం మందమై నల్లబారుతుంది. కొత్త రక్తనాళాలను డాప్లర్ చూపుతుంది. ఎమ్.ఆర్.ఐ. టీ2 చిత్రంలో మాత్రం అదే భాగం తెల్లగా మెరుస్తుంది.

అయితే నొప్పి ఎరుగనివారి మోచేతిలోనూ ఇట్టి మార్పులు కనిపించవచ్చును. కావున రోగనిర్ణయానికి వైద్యుడు చేతితో చేసే పరీక్షయే ప్రధానం. నెలల తరబడి నొప్పి తగ్గనప్పుడు, లేదా శస్త్రచికిత్సకు ముందు స్నాయువు ఎంత చిరిగినదో తెలుసుకొనుటకు ఈ చిత్రాలు ఉపకరిస్తాయి.