“తప్పు నాదే గదా బాబూ!”

రాజాం పేరు చెప్పగానే సినిమా ప్రియులకు తాండ్ర పాపారాయుడే గుర్తుకొస్తాడు. 1964లో ఎస్.వి.రంగారావు, 1986లో కృష్ణంరాజు ఆ వీరుడికి తెరమీద ప్రాణం పోశారు. కాని ఈసారి రాజాంలో నేను కలుసుకున్న మనిషి చేతిలో కత్తి లేదు... చంకలో కర్ర ఉంది!

సెకండ్ షో వదిలాక టీ బడ్డీ దగ్గర మాట కలిసింది. సరుకుల వ్యాను డ్రైవరుగా పనిచేసేవాడట. 2021లో గేదె అడ్డం వస్తే తప్పించబోయాడు. బండి బోల్తా! అప్పటికి వయసు నలభై. ఒక కాలు పోయింది.

“ఓనరు పరిహారం ఇచ్చాడా?” అన్నాను.

“ఆసుపత్రి కరుసుకి కొంత ఇచ్చినాడు. తప్పు నాదే గదా బాబూ, ఇంక నాకెవులిస్తారు?”

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే అతని లెక్క తప్పు!

1923 నాటి చట్టం ప్రకారం డ్యూటీలో దెబ్బ తగిలితే చాలు, పొరపాటు పనివాడిదే అయినా యజమాని పరిహారం ఇవ్వాల్సిందే. తాగి నడపడంలాంటి కొన్ని సందర్భాలకే మినహాయింపు. నలభై ఏళ్లవాడు, జీతం 15,000 అనుకోండి. ఇక ఏ పనీ చేయలేని స్థితి అయితే అందులో 60 శాతం, అంటే 9,000ని, వయసుకు నిర్ణయించిన 184.17తో హెచ్చవేస్తారు. 16,57,530 రూపాయలు! సంపాదించే శక్తి కొంతే పోతే అందులో ఆ వంతు. వైద్యం ఖర్చు వేరే.

అన్నట్టు, ఆ చట్టం జాబితాలో డ్రైవరు, క్లీనరుతోబాటు సినిమా తీసేవాళ్లూ, ఆడించేవాళ్లూ ఉన్నారు! మనం ఈలలు వేసే కారు ఫీట్ల వెనక ఉన్నదీ కూలీలే. 2025 జూలై 13న తమిళనాడులోని నాగపట్నం జిల్లాలో పా.రంజిత్ చిత్రం షూటింగులో కారు పల్టీ తీస్తూ స్టంట్‌మాన్ రాజు కన్నుమూశాడు. తెరమీద బోల్తా అయినా, రోడ్డుమీద బోల్తా అయినా నెత్తురు ఒకటే కదా!

2025 నవంబరు 21 నుంచి ఆ పాత చట్టం స్థానంలో సామాజిక భద్రతా కోడ్ వచ్చింది. ఇంటినుంచి పనికి వెళ్లే దారిలో జరిగే ప్రమాదాలకూ అందులో చోటుంది. ఎదుటి బండిది తప్పయితే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌కూ వెళ్లొచ్చు. కాని రెండు చోట్లా పరిహారం కుదరదు, ఒకటే ఎంచుకోవాలి.

మర్నాడు ఇదంతా అతనికి చెప్పాను. పాత చట్టంలో గడువు రెండేళ్లనీ, ఆలస్యానికి తగిన కారణం చూపితే మన్నించే వీలుందనీ కూడా చెప్పాను. కాసేపు కర్ర వంక చూస్తూ ఉండిపోయాడు.

“ఈ ముక్క అప్పుడెవులూ సెప్పనేదు బాబూ!”

మీ ఇంట్లో, మీ వీధిలో స్టీరింగు పట్టేవాళ్లుంటే, మీరైనా ముందే చెప్పండి!